ట్రైలర్‌తో టైలర్ స్టేట్ పార్క్‌కు: బయలుదేరే ముందు జాగ్రత్తలు

టెక్సస్‌లోని ఈ పార్క్‌ డాలస్ నుంచి సుమారు రెండు గంటల దారే. దగ్గరే కదా అని తనిఖీ మానకండి.

హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే కొక్కెం) దగ్గరే ఎక్కువ సమయం పెట్టండి. బండి వెనుక ఉండే హిచ్ బాల్ సైజు, దాని మీద కూర్చునే ట్రైలర్ కప్లర్ మీద ముద్రించిన సైజే కావాలి. కప్లర్ లాక్ చేశాక జాక్‌తో ట్రైలర్ ముందు భాగాన్ని కొద్దిగా పైకి లేపండి. బండి వెనుక భాగం కూడా దాంతోపాటు లేస్తేనే పట్టు కుదిరినట్టు. సేఫ్టీ చెయిన్లు కప్లర్ కింద ఒకదానికొకటి అడ్డంగా వేయాలి. బ్రేక్‌అవే కేబుల్‌ను (ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసే తీగ) చెయిన్లకు కాకుండా బండికి విడిగా తగిలించండి.

ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. అంతకన్నా తక్కువైతే హైవే మీద ట్రైలర్ ఊగుతుంది, కాబట్టి బరువైన సామాను వెనక పెట్టకండి.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే వాటిలో గాలి చూడాలి. చక్రాలు ఈమధ్య విప్పి బిగించి ఉంటే 50 మైళ్ల తర్వాత నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో కొలిచే పానా) బిగించండి.

సైట్‌లో:
- మొదట ట్రైలర్ చక్రాలకు అడ్డు చెక్కలు, తర్వాతే హిచ్ విప్పడం.
- పైన ఎండిన పైన్ కొమ్మలుంటే ఆనింగ్ (ట్రైలర్ పక్కన పరిచే నీడ గుడ్డ) తెరవొద్దు.
- సైట్‌లోని కరెంటు స్తంభం బ్రేకర్ ఆఫ్ చేసి, సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు హెచ్చుతగ్గుల నుంచి కాపాడేది) పెట్టి ట్రైలర్‌ను ప్లగ్ చేయండి.
- నీళ్ల పైపుకు ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి.
- టాయిలెట్ ట్యాంకు వాల్వ్ మూసే ఉంచండి. తెరిచి వదిలేస్తే నీళ్లు పోయి మలం గట్టిపడుతుంది. మూడింట రెండు వంతులు నిండాకే ఖాళీ చేయాలి.

మంట వేసే ముందు ఆ కౌంటీలో బర్న్ బ్యాన్ (బయట మంటలు వేయడంపై నిషేధం) ఉందేమో పార్క్ ఆఫీసులో అడగండి. సరస్సులోకి దిగే పిల్లలకు లైఫ్ జాకెట్ ఉండాల్సిందే.