గాజుపాత్రలో సక్యులెంట్ల తోట

టెర్రేరియం, అంటే గాజుపాత్రలో పెంచే చిన్న తోట, అనగానే చాలామందికి మూత బిగించిన సీసాలో పచ్చగా పెరిగే నాచు, ఫెర్న్ మొక్కలు గుర్తుకు వస్తాయి. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్, చిమ్మట ప్యూపాను (గూటి దశలోని పురుగును) గమనించడానికి మూసి ఉంచిన సీసాలో ఒక ఫెర్న్, కొంత గడ్డి వాటంతట అవే మొలకెత్తడం చూశాక వ్యాపించిన పద్ధతి అది. ఆవిరైన నీరు గాజుకు పట్టి తిరిగి మట్టిలోకే జారే ఆ ఏర్పాటు ఫెర్న్‌లకు ఎంత మేలో, ఆకుల్లో నీరు దాచుకుని బతికే సక్యులెంట్లకు అంత చేటు. అందువల్ల వీటికి మూత లేని, మూతి వెడల్పుగా ఉన్న గాజుపాత్రనే ఎంచుకోవాలి. లోతు 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటే చాలు. సన్నని మెడ ఉన్న సీసాలు చూడటానికి అందంగానే ఉంటాయి గాని, వాటిలో చెయ్యి పట్టదు, గాలీ ఆడదు.

గాజుపాత్రకు అడుగున రంధ్రం ఉండదన్న విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా మరవకూడదు. అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు కిందికి దిగిపోతుందని సాధారణంగా చెబుతారు, కానీ అది పూర్తిగా నిజం కాదు. మెత్తని మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యేవరకు తనలోని నీటిని కింది రాళ్లలోకి వదలదు. అయినా నేను రెండు సెంటీమీటర్ల మందాన రాళ్లు వేయమనే చెబుతాను, ఎందుకంటే నీరు ఎక్కువైతే ఆ సంగతి రాళ్ల మధ్య కంటికి కనిపిస్తుంది. బొగ్గు పొర మీ ఇష్టం, అది లేకపోయినా మొక్కలకు లోటుండదు.

అసలు రక్షణ మట్టి మిశ్రమంలో ఉంది. కుండీల మట్టి ఒక పాలు, ముతక ఇసుక, పెర్లైట్ లేదా ప్యూమిస్ (రెండూ తేలికగా, గుల్లగా ఉండే రాతి రేణువులు) వంటివి ఒక పాలు కలపాలి. పిడికిట పట్టి నొక్కి వదిలితే ముద్ద విడిపోయేలా ఉండాలి. సన్న ఇసుక గట్టిపడి గాలి సందులను మూసేస్తుంది, సముద్రతీరపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, కాబట్టి ఆ రెండూ పనికిరావు.

మొక్కల్లో హవోర్థియా, గాస్టీరియా కాస్త తక్కువ వెలుతురునూ ఓర్చుకుంటాయి. ఎచివేరియాకు ఎండ చాలకపోతే కాడ సాగి, ఆకులు ఎడంగా వచ్చి రూపమే మారిపోతుంది. ఈ రెండు రకాలనూ పక్కపక్కనే నాటి, తరువాత ఒకదానికోసం ఇంకొకదాన్ని బాధపెట్టడం కన్నా, వెలుతురు అవసరం ఒకేలా ఉన్న మూడు నాలుగు మొక్కలతో సరిపెట్టుకోవడం మంచిది.

నాటే ముందు వేళ్లకు పట్టిన పాత మట్టిని మెల్లగా దులిపి, కుళ్లిన వేళ్లను కత్తిరించాలి. కత్తిరించి తెచ్చిన కొమ్మలైతే రెండు మూడు రోజులు నీడలో ఉంచి, కోసిన చోటు ఎండి గట్టిపడ్డాకే నాటాలి. చెంచాతో గుంట తీసి, మొక్క మొదలు మునుపటి లోతులోనే ఉండేలా నిలిపి, చుట్టూ పొడి మట్టి వేసి పుల్లతో సర్దాలి. పైన సన్నరాళ్లు పలుచగా పరిస్తే కింది ఆకులు తడి మట్టికి తగలవు. ఆకుల మీద పడిన దుమ్మును మెత్తని కుంచెతో తుడిస్తే సరిపోతుంది.

నాటిన వెంటనే నీరు పోయాలనిపిస్తుంది. చిట్లిన వేళ్లు మానడానికి వారం రోజులు ఆగాలి. ఆ తరువాత చెంచాతో గాని సూదిలేని సిరంజితో గాని మొక్కల మొదళ్ల దగ్గర కొద్దికొద్దిగా పోయాలి. పిచికారీ చేస్తే ఆకులు తడుస్తాయే తప్ప వేళ్లకు చాలినంత అందదు. మళ్లీ ఎప్పుడు పోయాలన్నది తేదీలను బట్టి కాక మట్టిని బట్టి తేల్చుకోవాలి: సన్నని వెదురుపుల్లను అడుగు దాకా గుచ్చి తీసినప్పుడు అది పొడిగా, మట్టి అంటకుండా వస్తేనే పోయాలి.

పాత్రను బాగా వెలుతురు వచ్చే కిటికీ దగ్గర ఉంచాలి గాని, నడిఎండలో పెట్టకూడదు, గాజు లోపల వేడి పెరిగి ఆకులు మాడిపోతాయి. ఆకులు ముడుతలు పడితే దాహమని, మెత్తబడి పసుపు రంగులో పారదర్శకంగా మారితే నీరు ఎక్కువైందని గ్రహించాలి. ఆకుల సందుల్లో దూదిలా తెల్లగా కనిపించేది పిండినల్లి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో దాన్ని తుడిచేసి, వారం తరువాత మళ్లీ చూడాలి.