గుత్తికోయ పిల్లలను బడిలో చేర్పించాలంటే

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి ములుగు, భూపాలపల్లి అడవుల్లోకి తరలివచ్చిన గుత్తికోయ ఆదివాసీ కుటుంబాల్లో చాలామంది పిల్లలకు జనన ధ్రువపత్రం ఉండదు. వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది కనుక, ముందుగా ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి, తల్లిదండ్రులు వేలిముద్ర వేసి ఇచ్చిన వయసు వాంగ్మూలంతో పిల్లలను చేర్చుకోమని కోరండి. కోయ, తెలుగు రెండూ వచ్చినవారిని వెంట తీసుకెళ్లడం మేలు. సగం చిక్కులు అక్కడే విడిపోతాయి. చదువు మధ్యలో ఆగిన పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడతామంటే ఒప్పుకోకండి, ఎందుకంటే వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలన్నది అదే చట్టంలోని 4వ సెక్షన్. కులధ్రువపత్రం వేరే, దీర్ఘమైన వ్యవహారం. దాని కోసం ప్రవేశాన్ని ఆపవద్దు. గూడెంలో కొత్తగా కాన్పు జరిగితే మాత్రం 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి వద్ద ఉచితంగా నమోదు చేయించండి.