నిమ్మకాయ వద్దు, తమలపాకు పెట్టండి

ఆయిల్ కలర్స్ మొదలుపెట్టిన కొత్తలో నాకు డచ్ చిత్రకారుల పిచ్చి పట్టింది. 1630ల్లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ ఊళ్ళో పీటర్ క్లాస్, విల్లెమ్ హేడా వేసిన స్టిల్ లైఫ్ బొమ్మలు, అంటే బల్ల మీద పేర్చిన వస్తువుల బొమ్మలు, చూస్తూ కూర్చునేవాణ్ణి. సగం తొక్క తీసిన నిమ్మకాయ, ఒరిగిపోయిన గాజు గ్లాసు. ఆ కాలపు బొమ్మల్లో ఆరిపోయిన కొవ్వొత్తి కూడా తరచూ కనిపిస్తుంది. నిమ్మకాయ పైకి అందం, లోపల పులుపు. కొవ్వొత్తి అంటే గడిచిపోయిన కాలం. వాటికి అలా అర్థం చెబుతారు.

నేనూ చెన్నై సాలిగ్రామంలో మా ఫ్లాట్‌లో ఒక నిమ్మకాయ కోసి, కొవ్వొత్తి ఆర్పి, వారం రోజులు కష్టపడి వేశాను. పై ఫ్లాట్ నెల్లూరు పిన్నిగారు చూసి, "దిష్టి ఎవరికి తీశారు బాబూ?" అన్నారు. అమ్మకి కొవ్వొత్తి అసలు నచ్చలేదు. మా ఇంట్లో దీపం ఆరిందని నోటితో కూడా అనరు, కొండెక్కింది అంటారు. అలాంటిది ఆరిన దీపాన్ని తెచ్చి హాల్లో గోడకి తగిలిస్తానంటే ఊరుకుంటుందా!

అందుకే వెలుతురు పట్టే విద్య వాళ్ళ దగ్గర నేర్చుకోండి, వస్తువులు మాత్రం మీ ఇంట్లోవి పెట్టండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్ద సైజు ఫోటోలు ఉచితంగా దొరుకుతాయి, నిమ్మతొక్క మీది గుంటలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

మొదటి బొమ్మకి తాంబూలం మంచిది: ఇత్తడి పళ్ళెం, తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు, రూపాయి నాణెం, పక్కన మట్టి ప్రమిద. ఎడమవైపు ఒక్క కిటికీ తెరిచి, మిగతావి మూసేయండి. ట్యూబ్‌లైట్ ఆపేయండి.

ఇక్కడో చిక్కుంది. కంపోజిషన్‌కి బేసి సంఖ్య అందమని బొమ్మలు నేర్పేవాళ్ళు చెబుతారు. నేను ఒక్క ఆకు పెడితే అమ్మ, "ఒంటి ఆకు తాంబూలం ఎవరిస్తార్రా?" అంది. రెండు ఆకుల్ని ఒకదాన్ని ఇంకొకటి సగం కప్పేలా పెట్టండి. దూరంనుంచి కంటికి ఒకటే ఆకారం, అమ్మ లెక్కకి రెండు. అరటిపళ్ళూ అంతే, విడదీయకుండా జంటగానే ఉంచండి.

అన్నిటికన్నా ముందు ఆకులు వేసేయండి. ఫ్యాన్ గాలికి చూస్తుండగానే అంచులు ముడుచుకుపోతాయి. ఫ్యాన్ ఆపి కూర్చోవాలి, మే నెల చెన్నైలో అది ఎంత తపస్సో చెప్పక్కర్లేదు. నాలుగైదు ఆకులు ఎక్కువ తెచ్చి తడిబట్టలో చుట్టి పెట్టుకుంటే మధ్యలో మార్చుకోవచ్చు. తొడిమలు తుంచకండి, ఆ వంపే బొమ్మకి ప్రాణం.

ఇత్తడి దగ్గరే అందరికీ టెన్షన్. నేను మొదటిసారి షాపులో దొరికే గోల్డ్ కలర్ పూశాను, పళ్ళెం కాస్తా పెళ్ళి శుభలేఖలా తయారైంది. ఎగ్మూరు మ్యూజియం ఆర్ట్ గ్యాలరీ తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్ళి, రవివర్మ బొమ్మల్లో నగల దగ్గర నిలబడండి. నాలుగడుగుల దూరంలో బంగారం, ముక్కు ఆనించేంత దగ్గరికి వెళితే పసుపు, గోధుమ, కాస్త తెలుపు. తంజావూరు పటాల్లోలా బంగారు రేకు అంటించడం కాదు, అంతా రంగే. కాబట్టి నీడ వైపు రా అంబర్ అనే ముదురు గోధుమరంగు, మధ్యలో ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు. ఆకు పక్కన పళ్ళెంలో పచ్చదనం కనిపిస్తుంది, అదీ వేయాలి. చివర్లో తెలుపులో చిటికెడు లెమన్ ఎల్లో కలిపి, కిటికీ వైపు అంచు మీద ఒక్క చుక్క. దాని పక్కన ముదురు రంగు లేకపోతే ఆ చుక్క మెరవదు.

నాణెం, వక్కలకి పది నిమిషాలు చాలు.

ప్రమిద ఆఖర్న. పగటి వెలుగులో జ్వాల వెలవెలబోతుంది, అందుకని దాని వెనక గోడని ఉన్నదానికన్నా ముదురుగా వేయండి. వత్తి దగ్గర కాస్త నీలం, మధ్యలో పసుపు కలిసిన తెలుపు, కొసకి నారింజ. కాలం గడిచిందని డచ్ వాళ్ళలా మీకూ చెప్పాలనిపిస్తే దీపం ఆర్పకండి, నూనె తగ్గించండి. అంతకుముందు నూనె ఎక్కడిదాకా ఉండేదో, ప్రమిద లోపల ఆ నల్లటి చార ఒకటి గీయండి.

నా బొమ్మ ముందు అమ్మ కాసేపు ఆగి, "నూనె అయిపోవస్తోంది, పొయ్యరా" అంది.