పాఠం 4: బరువు గడిని నమ్మేముందు

పోయిన పాఠంలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రం పిల్లల షీటు తీసి, బరువుకు తగ్గ మోతాదు అందుతోందో లేదో చూడమన్నాం. ఎక్కువమంది జవాబు "తేడాలేమీ లేవు". ఎదిగే పిల్లల షీటులో ఒక్క తేడా కూడా లేదంటే ముందు బరువు గడినే అనుమానించాలి.

పిల్లాడు హాస్టల్లో ఉంటాడు, మందులకు అమ్మమ్మ వస్తుంది. గడి ఖాళీగా వదలడానికి మనసొప్పక కిందటిసారి అంకెనే ఎక్కిస్తారు. 13.4, 13.4, 13.4. ఈలోగా వాడు 14 దాటేసి ఉంటాడు. హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్ 10 మి.గ్రా. కరిగే బిళ్లలు 10 నుంచి 13.9 కిలోల దాకా రోజుకు రెండు, 14 నుంచి 19.9 దాకా రెండున్నర. అబాకవిర్-లామివుడిన్ 120/60 బిళ్లకూ అదే లెక్క. కాగితం మీద మోతాదు సరే, ఒంటికి చాలదు. తీరా వైరల్ లోడు (రక్తంలో వైరస్ లెక్క) 1000 దాటితే, "మందులు సరిగ్గా వేయట్లేదా" అని అమ్మమ్మను నిలదీస్తారు.

మూడు విజిట్ల బరువులు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లోంచి ఒకటి తీసివేసి తేడా చూడండి. రెండేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి సుమారు రెండు కిలోలు పెరుగుతారు. ఆరు నెలలకూ సున్నా వస్తే అంకె కాపీ అయినా అయ్యుండాలి, పిల్లాడు ఎదగకైనా పోయుండాలి. ఎదగట్లేదంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి, టీబీ కూడా చూడాలి. తూచకపోతే గడి ఖాళీగానే ఉండనివ్వండి. "పిల్లలు వచ్చారా" అని పక్కనే ఒక కాలమ్ పెట్టండి. శాతాలు, చార్టులు నాకు అక్కర్లేదు, ఏఆర్‌టీ నంబర్ల (కేంద్రంలో పిల్లల రిజిస్ట్రేషన్ నంబర్ల) జాబితా చాలు.

కొందరు 22 కిలోల పాపకు డోలుటెగ్రావిర్ 30 మి.గ్రా. ఉందని, 50 ఉండాలని ఎర్రరంగు పూశారు. కరిగే బిళ్లలు మూడు వేసినా, పూత బిళ్ల 50 మి.గ్రా. ఒకటి వేసినా ఒంటికి పట్టేది దాదాపు ఒకటే. బిళ్ల రకం చూడకుండా మిల్లీగ్రాములు పోల్చొద్దు.

సాధన: 20 కిలోల లోపు పిల్లలందరివీ చివరి మూడు విజిట్లు తీయండి. 6, 10, 14, 20 హద్దులకు అరకిలో దూరంలో ఉన్నవాళ్లు, బరువు కదలనివాళ్లు, గడి ఖాళీగా ఉన్నవాళ్లు: మూడు జాబితాలు. వచ్చే మందుల తేదీకి ముందే ఫోన్ చేసి పిల్లల్ని వెంట తెమ్మనండి. జాబితాలో పేరు, ఊరు వద్దు. వాట్సాప్‌లో అసలే వద్దు, ఈ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెబుతోంది. ఫోన్ ఎత్తింది ఎవరో తేలేదాకా ఎక్కణ్నుంచి చేస్తున్నారో చెప్పకండి.