పెంటావాలెంట్ టీకాకు ముందు: జ్వరం మందు సీసా చూసుకోండి

బుధవారమో శనివారమో చంటిబిడ్డకు పెంటావాలెంట్ (ఐదు జబ్బుల నుంచి కాపాడే) టీకా ఉందా? ఇవి ముందే చూసుకోండి.

సీసా మీది అంకె. పారాసెటమాల్ డ్రాప్స్‌లో సాధారణంగా మిల్లీలీటరుకు 100 మి.గ్రా., సిరప్‌లో చాలావరకు 5 మి.లీ.కి 120 లేదా 125. బరువు కిలోకు 10–15 మి.గ్రా. లెక్కన 5 కిలోల బిడ్డకు ఎక్కువలో ఎక్కువ 75 మి.గ్రా.: మి.లీ.కి 100 మి.గ్రా. ఉన్న డ్రాప్స్ అయితే ముప్పావు మి.లీ., 125 సిరప్ అయితే 3 మి.లీ. సిరప్ కొలతకు డ్రాప్స్ పోస్తే నాలుగింతలు పడుతుంది, కాలేయానికి ముప్పు. పేరు ఒకటే కదా, పొరపాటు అక్కడే. డోసు ఏఎన్ఎం చేత కార్డు మీదే రాయించుకోండి.

ఇంట్లో చెంచాతో కొలవొద్దు, ఫిల్లర్ (డ్రాపర్)తోనే. డోసుల మధ్య కనీసం 4 గంటలు, రోజుకు నాలుగుకు మించొద్దు.

సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. తీవ్రమైన అలర్జీ సాధారణంగా ఆ లోపే బయటపడుతుంది.

తొడ వాచిందని కాపడం, మర్దన వద్దు. తడిగుడ్డ చాలు.

విశాఖ ఉక్కపోతలో దుప్పటి చుట్టకండి, జ్వరం ఇంకా ఎక్కుతుంది. పలచటి నూలు చొక్కా, తల్లిపాలు.

మూడు గంటలు ఆగని ఏడుపు, 104 డిగ్రీలు, ఫిట్స్, వాలిపోవడం: 108కి ఫోన్ చేయండి. తర్వాతి డోసుకు ముందు ఈ సంగతి తప్పక చెప్పండి.