పిల్లల్లో క్లోమం చుట్టూ చేరిన ద్రవాన్ని పొట్ట కోయకుండా తీయడం

పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) తర్వాత స్కానింగులో ద్రవం కనబడగానే సూది పట్టుకోనక్కర్లేదు. తొలి నాలుగు వారాల్లో చేరే ద్రవం చాలామంది పిల్లల్లో దానంతటదే ఇంకిపోతుంది. ద్రవం నిండిన సంచి ఎంత పెద్దదన్నది ఒక్కటే చూసి దిగకూడదు. తగ్గని నొప్పి, కడుపు దారి నొక్కుకుపోయి వాంతులు, కామెర్లు, ఇన్ఫెక్షన్: వీటిలో ఒకటైనా ఉండాలి.

ఆగమనడానికి ఇంకో కారణం గోడ. ద్రవం చుట్టూ గట్టి గోడ కట్టడానికి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపే రంధ్రం చేస్తే ద్రవం పొట్టలోకి కారుతుంది, ద్రవం పారడానికి పెట్టే స్టెంటూ (చిన్న గొట్టం) నిలవదు. చీము పట్టిందంటే మాత్రం లెక్క మారుతుంది: ముందు యాంటీబయాటిక్స్, లొంగకపోతే బయటి నుంచి, చర్మం గుండా డ్రెయిన్ (ద్రవం తీసే గొట్టం).

మొదలుపెట్టే ముందు కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళాలు కనబడేలా మందు ఎక్కించి తీసే స్కాన్) తప్పనిసరి. ప్లీహధమని గోడ దెబ్బతిని, కారిన రక్తం పక్కనే బుడగలా నిలిచి సూడోఎన్యూరిజం అయి ఉంటే ముందు దాన్ని ఎంబోలైజేషన్‌తో, అంటే రక్తనాళం లోపలి నుంచి అడ్డువేసి, మూయాలి. లేదంటే చుట్టూ ఉన్న ద్రవం ఒత్తిడి తగ్గగానే అది పగలొచ్చు. సంచిలో కుళ్లిన కణజాలం ఎంతుందో సీటీ తక్కువ చేసి చూపిస్తుంది, ఎమ్మారై బాగా చెబుతుంది. క్లోమనాళం తెగిందా లేదా అన్నదీ ఎమ్మారైలోనే చూడాలి. తర్వాతి నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. ప్లేట్‌లెట్లు 50,000 పైన, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం కొలత) 1.5 లోపు ఉండాలి.

సంచి కడుపుకు ఆనుకుని ఉంటే, అంటే మధ్య దూరం 10 మి.మీ. లోపు ఉంటే, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోటి గుండా కడుపులోకి పంపే, కొనలో అల్ట్రాసౌండ్ ఉన్న స్కోపు) దారే మంచిది. పూర్తి మత్తు ఇచ్చి శ్వాసనాళంలో ట్యూబు వేయాలి. సంచి తెరుచుకోగానే ద్రవం ఒక్కసారిగా గొంతులోకి పొంగొచ్చు. కడుపును ఉబ్బించడానికి గాలి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడాలి. పెద్దలకు వాడే ఈ స్కోపు దాదాపు 15 కిలోలు దాటిన పిల్లలకు సాధారణంగా సరిపోతుంది. దాని కొన గట్టిది, చిన్నపిల్లల్లో పేగుకు చిల్లు పడే ప్రమాదముంది.

రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌లో దారికి అడ్డంగా రక్తనాళాలు లేవని చూసుకుని 19 గేజ్ సూదితో గుచ్చాలి. కాస్త ద్రవం తీసి ఎమైలేజ్ (క్లోమరసంలోని ఎంజైమ్), కల్చర్ (సూక్ష్మజీవులను గుర్తించే) పరీక్షలకు పంపాలి. సూది గుండా దారి చూపే 0.035 అంగుళాల గైడ్‌వైర్‌ను లోపల కనీసం రెండు చుట్లు తిరిగేదాకా నెట్టాలి, తక్కువైతే జారిపోతుంది. సంచి గోడను కోసే సిస్టోటోమ్‌తో దారి చేసి, 6 నుంచి 8 మి.మీ. బెలూన్‌తో వెడల్పు చేసి, 7 ఫ్రెంచ్ (మూడు ఫ్రెంచ్ అంటే ఒక మి.మీ. మందం), రెండు కొనలూ వంపు తిరిగిన డబుల్ పిగ్‌టెయిల్ స్టెంట్లు రెండు పెట్టాలి. ఒకటి మూసుకున్నా దాని పక్కనుంచి ద్రవం వస్తుంది. కుళ్లిన కణజాలం ఎక్కువుంటే వెడల్పాటి లోహపు స్టెంటు మేలు. దాన్ని మూడు, నాలుగు వారాలు దాటనివ్వకూడదు. సంచి కుంచించుకుపోయాక లోహం రక్తనాళాన్ని ఒరుసుకుని రక్తస్రావం తెస్తుంది.

సంచి కడుపుకు దూరంగా ఉన్నా, గోడ కట్టకముందే చీము పట్టినా ఎడమ పక్క నుంచి, పెద్దపేగు వెనగ్గా, 8 నుంచి 12 ఫ్రెంచ్ డ్రెయిన్ వేయాలి. ఎనిమిది గంటలకోసారి 5 నుంచి 10 మి.లీ. సెలైన్‌తో కడగకపోతే అది మూసుకుపోతుంది. జ్వరం మళ్లీ వస్తే మందు మార్చేముందు డ్రెయిన్ పారుతోందో లేదో చూడాలి. ద్రవం వారాల తరబడి ఆగకపోతే నాళం తెగిందని అనుమానించాలి. తెగింది కొంతే అయితే ఎండోస్కోపుతో క్లోమనాళంలోకి వెళ్లే పద్ధతైన ఈఆర్‌సీపీలో దాని మీదుగా స్టెంటు వేయొచ్చు. పూర్తిగా తెగితే వైరు అవతలికి దాటదు, అప్పుడు ద్రవాన్ని కడుపులోకి మళ్లించడమే దారి.

హిమోగ్లోబిన్ పడిపోయినా, మలం నల్లగా వచ్చినా వెంటనే సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) చేయాలి. స్టెంటు తీయాల్సిన తేదీని డిశ్చార్జి కాగితంలోనే రాసి తల్లిదండ్రులకు చెప్పాలి. నొప్పి పోయాక చాలామంది తిరిగి రారు.