బహుమతి బాకు మీది పేరు: ఆ అధికారి ఎవరో తేల్చుకునే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువారి పాత ఇళ్లలో భోషాణం తెరిచినప్పుడు, వెండి తొడుగులున్న ఒరలో ఒక బాకు, దాని మీద ఆంగ్లంలో ఒక సైనికాధికారి పేరు అప్పుడప్పుడు కనబడుతుంటాయి. పేరు సగం చెరిగిపోయి ఉంటే, ఇది ఘుంసూరు యుద్ధాల (1835-37లో గంజాం మన్యంలో కంపెనీ సైన్యం చేసిన పోరాటాల) నాటిదనీ, కాంబెల్ దొరదో మెక్‌ఫర్సన్ దొరదో అయి ఉంటుందనీ ఇంట్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు. మన్యంలో మెరియా నరబలులను మాన్పించే పనిలో ఉన్న అధికారులుగా జాన్ కాంబెల్, శామ్యూల్ మెక్‌ఫర్సన్ పేర్లు గంజాం చరిత్ర తెలిసినవారందరి నోటా ఉన్నాయి కనుక, ఊరూ పేరూ తెలియని ప్రతి ఆయుధమూ వారి ఖాతాలోనే పడుతుంది. ఆ కథను కొట్టిపారేయనక్కర లేదు గాని, వెతుకులాటను దానితో మొదలుపెట్టకూడదు. లోహం మీది అక్షరాల నుంచి కాలానికి, కాలం నుంచి పటాలానికి, పటాలం నుంచి మనిషికి వెళ్లి, ఇంటి కథను చివర సరిచూసుకోవాలి.

ముందుగా తోమడం మానాలి. దసరాకు ఆయుధపూజ పేరిట ఇంట్లోని కత్తులనూ బాకులనూ చింతపండుతో, ఇటుకపొడితో తోమడం మనకు అలవాటే. చింతపండు పులుపు వెండి, ఇత్తడి తొడుగులను తళతళలాడిస్తుంది గాని, పక్కనున్న ఉక్కును తినేస్తుంది. ఇటుకపొడి చెక్కిన అక్షరాల అంచులను ఏటా కొంత అరగదీస్తుంది. అందులో ముందుగా పోయేవి సన్నగీతలు, 3 అంకెకూ 8 అంకెకూ తేడా చూపేవి ఆ సన్నగీతలే. గంధం, కుంకుమ బొట్టు కూడా అక్షరాల గాళ్లలో తడిగా నిలిచి అక్కడే తుప్పుకు దారి తీస్తుంది కనుక, పూజ మానుకోలేనివారు బొట్టును బాకు కింద పరిచిన పీటకు పెట్టడం మేలు. అలుగు (బాకులో పిడి కాక కోసే లోహపు భాగం) మీద నీటి అలల వంటి చారలు కనిపిస్తే దానికి ఎమరీ కాగితం (లోహాన్ని రుద్దే గరుకు కాగితం) అసలు తగలనివ్వకూడదు. నిజామాబాదు దగ్గరి కోనసముద్రం వంటి చోట్ల తయారైన మేలిరకం ఉక్కుకు ఆ చారలే గుర్తు, అవి అరిగిపోతే మళ్లీ తేలడం కష్టం.

అక్షరాలు చదవడానికి రాత్రివేళ గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చిని లోహానికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేసి, బాకును కదపకుండా టార్చినే చుట్టూ తిప్పుతూ ప్రతి దిక్కు నుంచీ ఫొటో తీయాలి. ఎదురుగా పడిన వెలుగులో కనబడని గీత, పక్కనుంచి పడిన వెలుగులో నీడగా తేలుతుంది. ముగ్గుపిండి రుద్ది అక్షరాలను తెల్లగా చూపించే పద్ధతి తేలికే గాని, ఆ పిండిలోని రాయిపొడి లోహాన్ని గీస్తుంది. ఒర మూతి తొడుగు, ఒర కొస, పిడి పైకప్పు, అలుగు వెన్ను, పిడికి ఆనుకున్న అలుగు మొదలు, వీటన్నిటినీ చూడాలి. తెలిసిన అక్షరాన్ని అక్షరంగానూ, తెలియని దానిని చుక్కగానూ కాగితం మీద రాసుకోవాలి. ఊహించిన అక్షరాన్ని ఆ కాగితం మీదికి రానివ్వకూడదు.

ఆ రాత నిజంగా పాతదా అన్నది తరువాతి ప్రశ్న. చేతితో చెక్కిన గీత ఒకచోట లావుగా, మరొకచోట సన్నగా నడుస్తుంది. గాడి అడుగు చుట్టూ ఉన్న లోహంలాగే నల్లబడి ఉంటే నమ్మవచ్చు. చుట్టూ నలుపు ఉండి అడుగు మాత్రం మెరుస్తుంటే, ధర పెంచడానికి ఇటీవల ఎవరో పేరు చెక్కించారని అనుమానించాలి. భూతద్దంతో పాత గీరలను కూడా గమనించాలి. గీర అక్షరం మీదుగా, గాడి అంచులను కోస్తూ పోతే అక్షరం ముందుది. అక్షరమే గీరను తెంపితే అక్షరం తరువాతిది. ఒక్క గీరతో తీర్పు చెప్పకుండా నాలుగైదు చోట్ల చూడాలి.

వెండి మీది ముద్రలు కాలానికి హద్దులు గీస్తాయి. ఇంగ్లండులో పరీక్షించిన వెండికి సింహం ముద్ర, దానితోపాటు 1784 నుంచి 1890 వరకు సుంకం చెల్లించినట్టు రాజు లేదా రాణి తల ముద్ర ఉంటాయి. మద్రాసుకు చెందిన పి. ఆర్ అండ్ సన్స్ పేరుంటే, ఆ వ్యాపారం 1849లో మొదలైంది కనుక తొడుగు అంతకు ముందుది కాదు. అలుగు మాత్రం నూరేళ్లు పాతదై ఉండవచ్చు. బహుమతి కోసం పాత అలుగుకు కొత్త వెండి వేయించడం మామూలే.

ఇక పటాలం సంగతి. 'ఎం.ఎన్.ఐ.' అన్న పొట్టి అక్షరాలు మద్రాసు సైన్యంలోని దేశీయ పదాతి దళాన్ని, అంటే మద్రాసు నేటివ్ ఇన్‌ఫంట్రీని సూచిస్తాయి. 1885లో పటాలాల పేర్ల నుంచి 'నేటివ్' అన్న మాటను తీసేశారు. 1903లో మద్రాసు పదాతి పటాలాల పాత సంఖ్యలకు 60 కలిపారు. 13వ పటాలం 73వ కర్ణాటిక్ ఇన్‌ఫంట్రీ అయింది అలాగే. కనుక 73 అన్న అంకె, కర్ణాటిక్ అన్న మాట ఉన్న బాకు ఘుంసూరు యుద్ధాలలో పాల్గొందని ఎవరు చెప్పినా వినవలసిన పని లేదు. హోదా కూడా సాక్ష్యమే: ఎన్‌సైన్ అన్న తొలిమెట్టు అధికారి హోదా 1871 తరువాత లేదు. అధికారి ఏ ఏట కెప్టెన్ అయ్యాడో, ఏ ఏట మేజర్ అయ్యాడో జాబితాలలో దొరికితే, తేదీ లేని రాతకు కూడా ఆ రెండు తేదీల నడుమ చోటు తేలుతుంది.

1834 వరకు ఉన్న ఈస్టిండియా కంపెనీ సైన్యాధికారులకు 1838లో అచ్చయిన డాడ్‌వెల్, మైల్స్ జాబితా మంచి ఆధారం. గంజాంలో చనిపోయినవారికి 1905లో వచ్చిన జె.జె. కాటన్ సమాధి శాసనాల సంకలనం చూడాలి. చేరిక పత్రాలు, సర్వీసు వివరాలు, బాప్తిస్మ, వివాహ, ఖనన రిజిస్టర్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటి సూచికలు చాలావరకు బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల చరిత్ర వెతికే ఫిబిస్ సంఘం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇక్కడి కాగితాల కోసం వెతికేవారు ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1ని గుర్తుంచుకోవాలి. అంతకు ముందు బరంపురం, పర్లాకిమిడి మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని గంజాం జిల్లావి. గుణుపురం, రాయగడ, జయపురం విశాఖపట్నం జిల్లావి. అందువల్ల భువనేశ్వరంలో దొరకని కాగితాల కోసం చెన్నై ఎగ్మోరులోని పురాభిలేఖాగారంలో కూడా అడగాలి.

అధికారి తేలినా, బాకు ఇంటికి ఎలా వచ్చిందన్నది వేరే ప్రశ్న. జమీందారులు ఇచ్చిన కానుకలను ప్రభుత్వాధికారులు సొంతానికి ఉంచుకోకుండా తోషఖానాకు (కానుకలు దాచే ప్రభుత్వ ఖజానాకు) జమ కట్టవలసి వచ్చేది, అక్కడి వస్తువులు వేలానికి వెళ్లేవి. చనిపోయిన అధికారి సామాన్లను కూడా పటాలంలోనే వేలం వేసేవారు. కాబట్టి మీ ముత్తాతగారికి దొరగారు చేతికిచ్చారన్న కథకు బదులు, ఆయన వేలంలో కొన్నారన్నదే నిజం కావచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు. పేరు ఆంగ్లేయుడిదే కానక్కరలేదు కూడా. సుబేదారు, జమేదారు హోదాలతో, చివర 'బహదూర్' లేదా 'సర్దార్ బహదూర్' అని ఉంటే, అది 1837లో ఏర్పడిన ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా బిరుదు అయి ఉండవచ్చు. అప్పుడు వెతకవలసింది లండన్‌లో కన్నా ముందు మీ చుట్టాల ఇళ్లలోని పింఛను కాగితాలలో.

దాచేటప్పుడు అలుగును తోలు ఒరలో ఉంచకండి. గంజాం తీరపు ఉప్పుగాలి తేమను తోలు పట్టి ఉంచుతుంది. చేతి తొడుగులతో పట్టుకుని, అలుగుకు పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం రాసి, ఒర పక్కనే తేమను పీల్చే సిలికా జెల్ సంచులతో పెట్టెలో ఉంచితే చాలు.

చట్టం విషయానికి వస్తే, 2016 ఆయుధాల నియమావళిలోని ఐదవ వర్గంలో బాకు పేరు ఉంది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం దగ్గరే కదా అని సంచిలో వేసుకుని బస్సెక్కకుండా, ముందు జిల్లా అధికారులను రాతపూర్వకంగా అడగాలి. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది. దానిని విదేశాలకు పంపే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు, అమ్మకం వ్యాపారానికి లైసెన్సు కావాలి. పిడి ఏనుగు దంతంతో చేసినదైతే వన్యప్రాణి చట్టం ప్రకారం దానిని అమ్మడం నిషిద్ధం కనుక, ఆన్‌లైన్‌లో ధర అడిగే ప్రకటన పెట్టకముందే పిడి దేనితో చేశారో తెలిసినవారి చేత చూపించుకోవాలి.